లెగో బ్రిక్స్‌తో పాత పోలరాయిడ్ కెమెరా: కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ నాన్నగారు వాడిన, తీయగానే ఫోటోను బయటికిచ్చే పోలరాయిడ్ వన్‌స్టెప్ కెమెరా ఇంట్లో ఉంది, ఇప్పుడు పనిచేయడం లేదు. దాని పక్కన పెట్టుకోవడానికి అదే సైజులో లెగో బ్రిక్స్‌తో ఒక నమూనా కట్టాలనుకుంటున్నారు. బటన్ నొక్కితే కార్డు బయటికి రావాలి. ఇప్పటిదాకా బుక్‌లెట్ చూసి సెట్లు కట్టారు కానీ సొంతంగా డిజైన్ చేయలేదు. ముందు ముఖం, రంగుల చారలు, లెన్స్ కుదిరాక లోపలి మెకానిజం చూసుకుందామనుకుంటున్నారు. ఆ వరస సరైనదేనా, లేక రెడీమేడ్ సెట్ కొని మార్చుకోవడం మేలా అని అడిగారు.

ఆ వరసను తిరగేయండి. ముందు ఫోటో కార్డు కొలత, తర్వాత అది జారే గాడి, తర్వాత దాన్ని తోసే మీట, అన్నిటికంటే చివర బయటి ఒళ్ళు. సెట్ సంగతి చివర్లో చెప్తాను.

నేను ఇలాంటి కెమెరాలు ఇప్పటికి నాలుగు కట్టాను. మొదటిది మీరు అనుకున్న పద్ధతిలోనే, ముఖంతో మొదలుపెట్టాను. మూడు వారాలు కూర్చుని ముఖం చాలా అందంగా తీర్చాను. తీరా లోపల కార్డు పెట్టబోతే వెడల్పు 6 మి.మీ. తక్కువైంది. లెగోలో 6 మి.మీ. పెంచడం కుదరదు, ఒక స్టడ్ (ముక్క మీదుండే గుండ్రటి బొడిపె) మేర, అంటే 8 మి.మీ. పెంచాలి. ఒక స్టడ్ పెంచితే లెన్స్ మధ్యగీత తప్పింది, చారలు పక్కకి పోయాయి. మొత్తం విప్పేశాను. ఆ మూడు వారాల పనిలో లెన్స్ చుట్టూ ఉన్న నల్ల పలక ఒక్కటే రెండోసారికి పనికొచ్చింది.

అసలు కెమెరాను చేసినవాళ్ళు కూడా ఫిల్మ్ చుట్టూనే ఒళ్ళు కట్టారు. మీ నాన్నగారి కెమెరాను పక్క నుంచి చూడండి. ముందు భాగం ఎత్తుగా ఉండి, వెనక్కి ఏటవాలుగా దిగుతుంది. ఆ వాలు లోపల అద్దం ఉంటుంది. ఫిల్మ్ అడుగున బల్లపరుపుగా పడుకుని ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు వెనక ఉన్న ఆ వాలు అద్దానికి తగిలి కిందికి తిరిగి ఫిల్మ్ మీద పడుతుంది. అద్దం ఎందుకంటే, ఈ ఫిల్మ్‌లో వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో మనం బొమ్మను కూడా ఆ వైపు నుంచే చూస్తాం. మధ్యలో అద్దం లేకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకని ఆ వాలు, ఆ పొడవు, అడుగున ఆ సన్నటి సందు అన్నీ ఫిల్మ్ వల్లే వచ్చాయి. ఇది మనసులో పెట్టుకుంటే ఎక్కడ కొలత కచ్చితంగా ఉండాలో, ఎక్కడ సర్దుకోవచ్చో మీకే తెలిసిపోతుంది.

ఏ కెమెరా అన్నది ముందు తేల్చుకోండి. మీరు ప్రశ్నలో ఒకచోట వన్‌స్టెప్ అని, ఇంకోచోట ఎస్ఎక్స్-70 అని రాశారు. ఎస్ఎక్స్-70 పేరుతో 1972లో వచ్చింది మడత కెమెరా. తోలు, మెరిసే లోహపు రంగు, మూస్తే సుమారు ఒక అంగుళం మందంలో ఇమిడిపోతుంది. 1977లో వచ్చిన వన్‌స్టెప్ ప్లాస్టిక్ ఒంటిది, మడవదు, ఫోకస్ తిప్పే పని లేదు. రెండింటిలోనూ పడేది ఒకే రకం ఎస్ఎక్స్-70 ఫిల్మ్ కాబట్టి ఈ పేర్ల గందరగోళం అందరికీ వస్తుంది. తెల్ల ఒంటి మీద రంగుల చార ఉందన్నారు కాబట్టి మీది వన్‌స్టెప్. మొదటి డిజైన్‌కి అదే మంచిది. మడత కెమెరా జోలికి ఇప్పుడు పోవద్దు. అంగుళం మందమంటే రెండున్నర బ్రిక్‌ల ఎత్తు. అందులో హింజ్‌లు, అద్దం, పైన లేచే గూడు, కార్డు గాడి అన్నీ పట్టించడం నావల్ల ఇంకా కాలేదు. మడిచే నమూనా కట్టాను, అది కార్డు ఇవ్వదు.

ఇక లెక్కలు. కొంచెం ఓపిగ్గా చదవండి, మీ పని సగం ఇక్కడే అయిపోతుంది.

లెగోలో ఒక స్టడ్ నుంచి పక్క స్టడ్‌కి 8 మి.మీ. బ్రిక్ ఎత్తు 9.6 మి.మీ. పల్చటి ప్లేట్ ఎత్తు 3.2 మి.మీ., అంటే మూడు ప్లేట్లు ఒక బ్రిక్. ఇందులోంచి రెండు సమానాలు పుడతాయి. ఐదు ప్లేట్ల మందం రెండు స్టడ్ల వెడల్పు, రెండూ 16 మి.మీ. ఐదు బ్రిక్‌ల ఎత్తు ఆరు స్టడ్ల వెడల్పు, రెండూ 48 మి.మీ. ఈ రెండూ కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. పక్కకి తిప్పి కట్టే ప్రతి చోటా ఇవే అక్కరకొస్తాయి.

ఎస్ఎక్స్-70 ఫోటో మొత్తం వెడల్పు 88 మి.మీ., పొడవు 107 మి.మీ. లోపలి బొమ్మ 79 మి.మీ. చదరం. 88ని 8తో భాగిస్తే సరిగ్గా 11 వస్తుంది. ఇది చూసి చాలామంది సంబరపడి 11 స్టడ్ల గాడి కట్టేస్తారు. నేనూ రెండో నమూనాలో అదే చేశాను. గాడి 88, కార్డు 88 అయితే కార్డు కదలదు. పైగా 11 బేసి సంఖ్య. రెండు పక్కలా ఒక్కో స్టడ్ గోడ కలిపితే ఒళ్ళు 13 అవుతుంది. లెన్స్‌కి వాడే గుండ్రటి ముక్కలు ఎక్కువగా 2×2, 4×4 సరి కొలతల్లో ఉంటాయి. బేసి ఒంటి మీద సరి ముక్కను మధ్యలో కూర్చోబెట్టాలంటే ప్రతిసారీ అర స్టడ్ జరిపే జంపర్ ప్లేట్ వేయాలి. ఒకటి రెండు చోట్లయితే ఫరవాలేదు, మొత్తం ముఖమంతా అయితే టెన్షన్.

నేను ఇప్పుడు వాడే కొలత: ఒళ్ళు 14 స్టడ్లు. గోడలు ఒక్కోటి ఒక స్టడ్. లోపల 12 స్టడ్లు, అంటే 96 మి.మీ. ఆ గోడల లోపలి ముఖాలకి పక్క స్టడ్ ఉన్న బ్రిక్‌లు వాడి, వాటికి టైల్స్ నిలువుగా తగిలించండి. టైల్ అంటే పైన బొడిపెలు లేని నున్నటి ప్లేట్. అటు 3.2, ఇటు 3.2 పోతే మిగిలేది 89.6 మి.మీ. 88 మి.మీ. కార్డుకి రెండు పక్కలా కలిపి 1.6 మి.మీ. వదులు. కార్డు నున్నగా జారుతుంది, అడ్డంగా తిరగదు. ఈ కొలత దొరకడానికి నాకు మూడు నమూనాలు పట్టింది, మీరు నేరుగా దీంతోనే మొదలుపెట్టండి.

గాడి నేల, కప్పు. నేలకి టైల్స్ పరచండి. కానీ వాటిని కార్డు వెళ్ళే దిశలోనే పొడుగ్గా పరచాలి. అడ్డంగా పరిస్తే రెండు టైల్స్ కలిసే ప్రతి చోటా ఒక సన్నటి గీత వస్తుంది, కార్డు అంచు అక్కడ తట్టుకుంటుంది. వేలితో తడిమితే తెలియనంత చిన్న గీత అది. కార్డుకి మాత్రం తెలుస్తుంది.

కప్పు విషయం ఇంకా ముఖ్యం. ప్లేట్‌ని తిరగేసి చూడండి, కింద అంతా బోలు, గొట్టాలు. దాన్నే కప్పుగా వేస్తే కార్డు ముందు కొస కాస్త పైకి లేచినా పోయి ఆ గొట్టంలో ఇరుక్కుంటుంది. అందుకని నేను కప్పు మొత్తం మూయను. రెండు అంచుల్లో రెండేసి స్టడ్ల వెడల్పు పెదవి మాత్రం ఉంచుతాను, మధ్యలో 8 స్టడ్లు తెరిచే ఉంటుంది. ముందు సందు దగ్గర మాత్రం పూర్తిగా మూయక తప్పదు. అక్కడ తలకిందులుగా వాడేందుకే చేసిన 2×2 టైల్స్ దొరుకుతాయి, అవి వేస్తే అడుగు నున్నగా ఉంటుంది.

గాడి ఎత్తు ఒక ప్లేట్ చాలు, 3.2 మి.మీ. "కాస్త ఎత్తు ఉంటే ఫ్రీగా తిరుగుతుంది కదా" అనిపిస్తుంది. నా మొదటి గాడి ఒక బ్రిక్ ఎత్తు ఉండేది. వెనక నుంచి తోస్తే కార్డు ముందుకి పోకుండా మధ్యలో విల్లులా పైకి లేచేది. పల్చటి వస్తువును వెనక నుంచి తోసేటప్పుడు పైన జాగా ఇస్తే అది వంగడానికే చూస్తుంది. జాగా తగ్గిస్తేనే తిన్నగా వెళ్తుంది.

తోసే మెకానిజం. అసలు కెమెరాలో చిన్న మోటారు ఉంటుంది. దానికి కరెంటు ఫిల్మ్ ప్యాక్‌లోనే ఉన్న పల్చటి బ్యాటరీ నుంచి వస్తుంది. ఒక చిన్న కొక్కెం ఫిల్మ్ వెనక అంచును పట్టి ముందుకి తోస్తుంది, ముందున్న రెండు లోహపు రోలర్లు దాన్ని అందుకుని లాగుతాయి. ఫోటో కింది అంచులో ఉన్న రసాయనపు సంచి రోలర్ల మధ్య నలిగి పగిలి, లోపలి పొరల మధ్య పరుచుకుంటుంది. బొమ్మ తేలడం అక్కణ్ణుంచి మొదలు.

ఇందులో ఒక సంగతి గమనించండి: రసాయనం ఉన్న ఆ మందపాటి తెల్ల అంచే ముందుగా రోలర్లలోకి వెళ్ళాలి. కాబట్టి కెమెరాలోంచి మొదట బయటికొచ్చేది వెడల్పాటి అంచు. నేను చూసిన సొంత నమూనాల్లో సగానికి పైగా సన్నటి అంచు ముందు వచ్చేలా కార్డు పెడతారు. ఈ కెమెరాతో పెరిగినవాళ్ళకి ఆ తప్పు వెంటనే కళ్ళకి కొడుతుంది. మీ నాన్నగారికి చూపించేదైతే ఇది అసలు మరిచిపోవద్దు.

మన నమూనాకి మోటారు, రోలర్లు వద్దు. టైర్లు రోలర్లుగా పెట్టి కట్టాను, పనిచేస్తుంది. కానీ కార్డుల దొంతర పెడితే ఒక్కోసారి రెండేసి వస్తాయి, మోటారు చప్పుడు బ్రిక్‌ల డబ్బాలో ఇంకా పెద్దగా వినిపిస్తుంది. ఒక మీట చాలు.

మీట ఇలా పనిచేస్తుంది. బటన్ ముందు వైపు ఉంది, నొక్కితే లోపలికి, అంటే వెనక్కి పోతుంది. కార్డు ముందుకి రావాలి. దిశ తిరగాలి కాబట్టి మధ్యలో ఇరుసు ఉన్న నిలువు మీట ఆ పని చేసేస్తుంది, పై కొస వెనక్కి పోతే కింది కొస ముందుకొస్తుంది. 9 రంధ్రాల టెక్నిక్ బీమ్ తీసుకోండి (టెక్నిక్ అంటే పక్కన రంధ్రాలుండే లెగో ముక్కల రకం, బీమ్ అంటే పొడుగాటి కడ్డీ). పై నుంచి మొదటి రంధ్రం బటన్‌కి, మూడో రంధ్రంలో ఇరుసు, తొమ్మిదో రంధ్రం కార్డును తోసే బండికి. ఇరుసుకి పైన రెండు వంతులు, కింద ఆరు వంతులు, అంటే 1:3. బటన్ 8 మి.మీ. లోపలికి వెళ్తే కింద 24 మి.మీ. కదులుతుంది.

24 మి.మీ. చాలా అని అడుగుతారేమో. ఫోటో వెడల్పాటి అంచు సుమారు 2 సెం.మీ. ఉంటుంది. కాబట్టి బటన్ నొక్కగానే తెల్ల అంచు మొత్తం, దాని వెనక బొమ్మ మొదలు గీత ఒకటి బయటికి కనిపిస్తుంది. అక్కణ్ణుంచి వేళ్ళతో ఆ అంచు పట్టుకుని లాగడమే. అసలు కెమెరాలో కూడా బొమ్మకి వేలు తగలకుండా మనం పట్టుకునేది ఆ అంచునే. చేతికి ఆ కదలిక అచ్చంగా కుదురుతుంది.

బండి అంటే ఒక వెడల్పు ప్లేట్, ఇందాక చెప్పిన రెండు పెదవుల మీద నున్నటి టైల్స్‌పై జారుతుంది. దాని వెనక భాగం నుంచి రెండు కొక్కేలు మధ్య ఖాళీలోంచి కిందికి దిగి కార్డు వెనక అంచును తాకుతాయి. రెండు కొక్కేలు ఉండాలి, వాటి మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. నేను ఒకసారి జాగా కలిసొస్తుందని ఒక పక్క మాత్రమే కొక్కెం పెట్టాను. కార్డు ఓరగా తిరిగి గోడల మధ్య బిగుసుకుపోయింది. వదులు 1.6 మి.మీ. మాత్రమే అయినా తిరగడానికి అది సరిపోయింది.

ఇంకో చిక్కు: మీట కింది కొస వంపులో తిరుగుతుంది, బండి తిన్నగా వెళ్తుంది. ఆ రెండింటినీ గట్టిగా పిన్నుతో కలిపేస్తే మధ్యలో పట్టేస్తుంది. మీట కొసను బండి మీద రెండు బొడిపెల మధ్య వదులుగా నిలబెట్టండి, పైకీ కిందికీ జరిగే వీలుంటుంది. మీట వెనక్కి రావడానికి చిన్న రబ్బరు బ్యాండ్ వేయండి. బిగువు తక్కువగా ఉండాలి. మీటలో మూడు రెట్ల దూరం వస్తోందంటే, కింద ఉన్న రాపిడి పైన వేలికి మూడు రెట్లుగా తెలుస్తుంది. బ్యాండ్ బిగువైతే బటన్ నొక్కడానికి బొటనవేలు నొప్పెడుతుంది.

రబ్బరు బ్యాండ్ గురించి ఒక్క మాట. అది ఏదో ఒక రోజు ఎండి తెగుతుంది. నా రెండో నమూనాలో ఏడాది దాటాక తెగింది, దాన్ని మార్చడానికి ఒళ్ళు సగం విప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి వెనక వాలును తెరుచుకునేలా కడుతున్నాను.

అడుగు, గాడి, మీట వరకు కట్టి ఆపండి. దొరికిన రంగులతోనే కట్టండి, ఎర్ర గోడ మీద పచ్చ ప్లేట్ ఉన్నా ఏం కాదు. కార్డు పెట్టి యాభైసార్లు నొక్కండి. యాభైలో ఒక్కసారి ఇరుక్కున్నా ఎక్కడో వెతికి సరిచేయండి. ఒళ్ళు కట్టాక ఆ ఒక్కటే పదిసార్లవుతుంది, వేలు పెట్టి చూసుకునే వీలు కూడా ఉండదు.

ఇప్పుడు ఒళ్ళు. మొదటి గండం ముందు గోడ. కార్డు సందు 12 స్టడ్ల వెడల్పు. అంటే ముందు గోడ ఆ ఎత్తులో దాదాపు పూర్తిగా తెగిపోయినట్టే, పై భాగమంతా రెండు పక్క గోడల మీదే వేలాడుతుంది. ఇంటి గుమ్మం మీద లింటెల్ వేసినట్టు, సందు పైన 14 స్టడ్ల పొడవున ఒకే టెక్నిక్ బ్రిక్ వేయండి. రెండు ముక్కలు కలిపి వేస్తే సరిగ్గా మధ్యలో కుంగుతుంది. లెన్స్ భాగం బరువు, బటన్ నొక్కే బలం రెండూ దాని మీదే పడతాయి.

రంగుల చార నాకు ఈ మొత్తం పనిలో బాగా ఇష్టమైన చోటు. ఆ చారలు పోలరాయిడ్‌కి పాల్ జియాంబార్బా అనే డిజైనర్ ఇచ్చిన గుర్తు. ఐదు రంగులు. ఒక్కో రంగుకి ఒక స్టడ్ వెడల్పు టైల్ వేస్తే మొత్తం 40 మి.మీ. అవుతుంది, ముఖంలో మూడో వంతుకి పైగా చారే ఆక్రమిస్తుంది. ఇందాకటి సమానం గుర్తుందిగా, ఐదు ప్లేట్లు రెండు స్టడ్లు. ఒక్కో రంగుకి ఒక్కో ప్లేట్ తీసుకుని, ఐదింటినీ ఒకదానిలో ఒకటి నొక్కి, ఆ కట్టను పక్కకి తిప్పి నిలబెట్టండి. ముందుకి కనిపించేది ప్లేట్ల అంచులు. ఒక్కో చార 3.2 మి.మీ., మొత్తం 16 మి.మీ., రెండు స్టడ్ల ఖాళీలో వెంట్రుక సందు లేకుండా కూర్చుంటుంది. ఒళ్ళు 14 కాబట్టి అటు 6, ఇటు 6 మిగులుతాయి, మధ్య రంగు సరిగ్గా కెమెరా మధ్యగీత మీద పడుతుంది.

చివరి రంగుకి మాత్రం ప్లేట్ కాకుండా టైల్ వాడాలి. లేకపోతే దాని బొడిపెలు పొడుచుకొచ్చి పక్కనున్న తెల్ల బ్రిక్‌ను తోస్తాయి. రంగుల వరస నన్నడగక్కర్లేదు, మీ ఇంట్లో కెమెరానే ఉంది. దాన్ని ముందు పెట్టుకుని ఎడమ నుంచి కుడికి పేర్చండి. అసలు చార వెడల్పు 16కి కాస్త అటూ ఇటూగా ఉన్నా రెండు స్టడ్లే ఉంచేయండి. ఐదు రంగులు సమానంగా వచ్చే ఇంకో కొలత దీనికి దగ్గర్లో లేదు.

లెన్స్‌కి నల్లటి గుండ్రని డిష్ (పళ్ళెంలాంటి ముక్క), మధ్యలో పారదర్శకమైన చిన్న గుండ్రటి టైల్ చాలు. వ్యూఫైండర్ మాత్రం నిజంగా ఆ పక్క నుంచి ఈ పక్కకి కనిపించేలా కట్టండి, పెద్ద కష్టం కాదు. ముందు నుంచి వెనక దాకా ఒక చదరపు సొరంగం వదిలేసి లోపలి గోడలకి నల్ల ముక్కలు వాడండి. తెల్లవి వాడితే లోపల వెలుగు చెదిరి కళ్ళు చిట్లించాల్సి వస్తుంది. ఆ సొరంగం దారిలో మీట రాకుండా ముందే చూసుకోండి. బటన్ ఒక పక్క, వ్యూఫైండర్ ఒక పక్క ఉంటే గొడవ లేదు. వెలుతురు సర్దే చక్రం తిరిగేలా పెట్టాలంటే ఒక పిన్ను, దాని మీద గుండ్రటి ముక్క, అంతే.

ఇక వెనక వాలు. కొత్తవాళ్ళు ఇక్కడ మెట్లు మెట్లుగా కట్టి వదిలేస్తారు, లేదా స్లోప్ ముక్కలు పేరుస్తారు. స్లోప్ ముక్కలతో కడితే ప్రతి ముక్క దగ్గరా గీత పడుతుంది. వన్‌స్టెప్ వీపు ఒకే నున్నటి పలక. అందుకని టైల్స్ పరిచిన ఒక పలకను విడిగా కట్టి, పై అంచును హింజ్‌లతో తగిలించి ఏటవాలుగా దించాలి. ఎంత పొడవు పలక అన్నదానికి బళ్ళో చదువుకున్న లంబకోణ త్రిభుజమే ఆధారం: 6, 8, 10. ఎత్తు 6 స్టడ్లంటే ఐదు బ్రిక్‌లు, అడ్డం 8 స్టడ్లు, వాలు 10 స్టడ్లు. ఈ మూడూ లెగో కొలతల్లో కచ్చితంగా కుదురుతాయి, వాలు సుమారు 37 డిగ్రీలు వస్తుంది. 5, 12, 13 కూడా లంబకోణ త్రిభుజమే, ఇంకా పడుకున్న వాలు ఇస్తుంది. కానీ 5 స్టడ్ల ఎత్తు అంటే 40 మి.మీ., అది పన్నెండున్నర ప్లేట్లు. మామూలు బ్రిక్‌లతో ఆ అర ప్లేట్ దొరకదు, కాబట్టి 6-8-10తోనే మొదలుపెట్టండి.

పలక కింది అంచును బిగించకండి. ఒక టైల్ మీద ఊరికే ఆనిస్తే చాలు, బరువుకి అదే నిలుస్తుంది. అప్పుడు ఆ వీపే తలుపవుతుంది. ఎత్తితే మీట, బండి, రబ్బరు బ్యాండ్ అన్నీ చేతికందుతాయి. అసలు కెమెరాలో అద్దం ఉండే చోటు కూడా అదే కాబట్టి, పలక లోపలి వైపు అద్దంలా మెరిసే స్టికర్ ముక్క అంటించుకోవచ్చు. నా నాలుగో నమూనాలో అంటించాను. వీపు ఎత్తి చూపిస్తూ వెలుగు ఎలా తిరుగుతుందో పిల్లలకి చెప్తే వెంటనే అర్థమైంది.

తెల్ల బ్రిక్‌లతో జాగ్రత్త. ఎండ తగిలే చోట ఏళ్ళ తరబడి ఉన్న తెల్ల బ్రిక్‌లు పసుపుపచ్చగా మారతాయి. పాత డబ్బాలో పక్కపక్కన ఉన్నప్పుడు తేడా తెలియదు. నున్నటి పక్క గోడలో ఒకే వరసలో పేర్చితే గళ్ళ చొక్కాలా కనిపిస్తుంది. కట్టడానికి ముందు తెల్లవన్నీ తెల్ల కాగితం మీద పోసి, పగటి వెలుగులో మూడు కుప్పలుగా వేరుచేయండి. బాగా తెల్లనివి ముఖానికి, పక్కలకి. కాస్త మారినవి అడుక్కి. పసుపెక్కినవి లోపలి గోడలకి. మీ నాన్నగారి కెమెరా కూడా అచ్చ తెలుపు కాకుండా దంతం రంగులో ఉంటే, మధ్య కుప్పతో మొత్తం కట్టడం కూడా బాగుంటుంది. ఒకే ఛాయ ఉండటం ముఖ్యం.

కంప్యూటర్ మీద ముందే కట్టి చూసుకోవాలా అని కూడా అడిగారు. బ్రిక్‌లింక్ వాళ్ళ స్టూడియో సాఫ్ట్‌వేర్ ఉచితం, ముక్కలు ఒకదాన్నొకటి తాకితే చెప్తుంది, చివరికి ముక్కల జాబితా ఇస్తుంది. ఒంటికి, చారకి, వాలుకి వాడండి. మీటకి, గాడికి మాత్రం దాన్ని నమ్మొద్దు. రాపిడి, కార్డు వంపు, రబ్బరు బిగువు అందులో కనిపించవు.

కార్డులు అసలు కొలతకే కత్తిరించండి, 88 × 107. ఒక్క పొర ఫోటో పేపర్ చెమ్మకి ఒక వైపుకి చుట్టుకుంటుంది, చుట్టుకున్న కార్డు గాడిలో తట్టుకుంటుంది. బొమ్మ ఉన్న కాగితం వెనక అదే మందం ఉన్న నల్ల కాగితం అంటించండి. రెండూ ఎదురెదురుగా లాగుతాయి కాబట్టి చదునుగా ఉంటుంది, అసలు ఫోటో వీపు కూడా నల్లగానే ఉంటుంది. జిగురు ఆరేదాకా బరువైన పుస్తకం కింద ఉంచండి. ముందు మూలలు రెండూ గోరుతో గీసినంత మేర గుండ్రంగా కత్తిరిస్తే సందులోకి పెట్టేటప్పుడు తట్టుకోవు. ఇంట్లో నిజమైన పాత పోలరాయిడ్ ఫోటోలుంటే వాటిని ఇందులో పెట్టొద్దు. గాడి అంచులకి రాసుకుని పాడవుతాయి, మళ్ళీ తీయలేని ఫోటోలవి. స్కాన్ చేసి అచ్చు వేసుకోండి.

ఇక సెట్ సంగతి. లెగో ఐడియాస్‌లో 21345 నంబరుతో పోలరాయిడ్ వన్‌స్టెప్ ఎస్ఎక్స్-70 సెట్ 2024 జనవరిలో వచ్చింది, 516 ముక్కలు. అందులోనూ బటన్ నొక్కితే కార్డు వస్తుంది. ఒక అభిమాని పంపిన డిజైన్ నుంచే అది పుట్టింది. చాలా మంచి సెట్, మెకానిజం చూసి నేర్చుకోవడానికి ఒకసారి కట్టి తీరాలి. కానీ దాని వెడల్పు 9 సెం.మీ. దగ్గర. అంటే మొత్తం కెమెరా వెడల్పు అసలు ఫోటో ఒక్కదాని వెడల్పంత. అందులోని కార్డులు సహజంగానే చిన్నవి. మీకు కావలసింది నాన్నగారి కెమెరా పక్కన అదే సైజులో నిలబడేది కాబట్టి, సెట్‌ను సాగదీసి పెద్దది చేయడం కుదరదు. వెడల్పు మారితే లోపల ప్రతి ముక్కా మారుతుంది. అందుబాటులో ఉంటే కొని కట్టి, విప్పి, దాని లోపలి పద్ధతి గమనించండి. మీ నమూనాని మాత్రం 14 స్టడ్ల అడుగుతో విడిగా మొదలుపెట్టండి.

ఒక పని చేయండి. కెమెరాను బల్ల మీద పెట్టి మూడు కొలతలు తీయండి: ముందు ముఖం ఎత్తు, వెనక చివర ఎత్తు, వాలు మొదలయ్యే చోటు నుంచి వెనక అంచు దాకా అడ్డంగా ఎంత దూరం. మి.మీ.లలో ఇక్కడే రాయండి. 6-8-10 నేరుగా సరిపోతుందో, కింద ఒక వరస ప్లేట్లు కలపాలో చూసి చెప్తాను.